కడగని చెయ్యి

మన వీరుడి పేరు ఈ ప్రకరణంలో నేను చెప్పను. తెలియక కాదు. బారసాలనాడు బియ్యంలో ఏ పేరు రాశారో, ఆ పేరు విని పక్కింటి ముసలమ్మ ఎందుకు మూతి విరిచిందో కూడా నాకు తెలుసు. అయినా చెప్పను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది, తెలిశాక మీరూ నోరు విప్పరు. అందాకా అతణ్ణి కంచరి అనుకుందాం. చేసే పని అదే, కంచు కరిగించి గంటలు పోయడం.

ఇరవై రోజుల కిందట ఈ కంచరి తన ఊరు కుంభగిరి విడిచి ఒంటరిగా బయలుదేరాడు. కారణం అతని అక్క హేమ. తల్లీ తండ్రీ లేని ఇంట్లో తమ్ముణ్ణి పెంచి, చేతికి సుత్తి ఇచ్చి పని నేర్పిన అక్క. మాంత్రికుడు ధూమకేశుడు ఆమె దగ్గరికి వచ్చి, మోత విన్నవాళ్లంతా తనకు బానిసలైపోయే గంట ఒకటి పోసిపెట్టమన్నాడు. "నా చేత్తో అలాంటిది పొయ్యను, పో" అంది హేమ. వాడు చిన్నగా నవ్వి, వాకిట్లో వేలాడుతున్న పాత గంట అంచు చూశాడు. పోత పోసినవాళ్లు తమ పేరు అక్కడ చెక్కుకుంటారు. ఆ పేరు పెట్టి పిలిచి మంత్రం చదివాడు. అంతే, హేమ పాదాలు రాయి అయిపోయాయి. ఆ రాయి రోజుకు రెండంగుళాల చొప్పున పైకి పాకుతోంది. ఇవాళ్టికి నడుము దాటి ఉంటుంది. ఇంకో ఆరు రోజుల్లో గొంతు చేరుతుంది, ఆ తరువాత ఏ మందూ పనిచేయదు.

ఉన్న మందు ఒక్కటే, పాషాణభేది అనే తీగ. దాని పసరు తగిలిన రాయి తిరిగి ఒళ్లవుతుంది. ఆ తీగ పెరిగేది సైకతదేశంలో ధూమకేశుడి తోటలో మాత్రమే. మన కంచరి ఆ తోట గోడ దూకి, మూడు కాలనాగులను ఏమార్చి, నిన్న మధ్యాహ్నం ఒక రెమ్మ తెంపనే తెంపాడు. దాన్ని తడి నాచులో చుట్టి, వెదురు గొట్టంలో పెట్టి, మొలకు కట్టుకున్నాడు. వెతుక్కుంటూ వచ్చేసరికి ఇన్ని రోజులు పట్టింది గానీ, తిన్నగా పోతే ఇంటికి అయిదు రోజుల దారి. లెక్క సరిపోతుంది, దారిలో ఎవరూ పట్టుకోకపోతే!

ఇక ధూమకేశుడి సంగతి ఒకటి తెలుసుకోండి. వాడి మంత్రానికి పేరు కావాలి. పేరు తెలిస్తే గాలినైనా, నదినైనా, మనిషినైనా ఆడిస్తాడు. పేరు తెలియనివాణ్ణి ఏమీ చేయలేడు. హేమకు తమ్ముడున్నాడని విన్నాడు గానీ, ఆ తమ్ముడి పేరు కుంభగిరిలో ఒక్క పురుగు కూడా వాడికి చెప్పలేదు. చూశారా, అందుకే నేనూ చెప్పనంటున్నాను. వాడి చెవులు ఎంత పొడుగో ఎవరికి తెలుసు!

పగడవీడు సైకతదేశానికి తూర్పు కొస. ఆ ఊరి సొగసు చూసి తీరాల్సిందే. ఎర్రమట్టి గోడలకు పగడపు ముక్కలు పొదిగిన తోరణద్వారాలు, ప్రతి మేడకూ నీలిరంగు కిటికీలు, కిటికీకో పంజరం, పంజరానికో పాడే పిట్ట. వీధికి రెండువైపులా ఉప్పు కుప్పలు ఎండకు తళతళలాడుతుంటాయి. అద్దకం చీరలు ఈ మేడ నుంచి ఆ మేడకు కట్టిన తాళ్ల మీద ఆరుతూ, నడిచేవాళ్ల నెత్తిన ఎర్రని, పచ్చని నీడలు జల్లుతుంటాయి. పడమటి ద్వారం దగ్గర మొదలైన రాజవీధి వంకర లేకుండా సాగి, తుంబర నది రేవు మెట్ల దగ్గర ఆగుతుంది. నది అవతల వేరే దేశం. మన కంచరికి కావలసింది ఆ ఒక్క వీధి దాటడం, ఆ ఒక్క నది దాటడం.

జాము పొద్దెక్కేవేళకు అతడు పడమటి ద్వారంలోంచి లోపలికి వచ్చాడు. వచ్చాడనడం కంటే తూలాడనడం మేలు. బయలుదేరేటప్పుడు ఊరి పెద్ద ఒకాయన చెవిలో పోరి పోరి చెప్పాడు, "పరాయి దేశంలో ఎవరినీ నమ్మకు, ఎవరి చేతి నీళ్లూ ముట్టకు" అని. ఆ మాట పట్టుకొని ఇరవై రోజులుగా రేగుపళ్లు తిని, చెట్ల మీద పడుకొని, ఎవరు పలకరించినా మొహం తిప్పుకొని నడిచాడు. నిన్నటి నుంచి రేగుపళ్లూ లేవు. కళ్ల ముందు వీధి రెండుగా కనిపిస్తోంది.

అప్పుడే దండోరా మోగింది. "వినండహో! వెదురు గొట్టం కట్టుకున్న పరదేశి ఒకడు ఊళ్లోకి వస్తాడు! వాడి పేరు కనుక్కొని పట్టి ఇవ్వమని రాజగురువు ధూమకేశుల వారి ఆజ్ఞహో!"

కంచరి గొట్టం మీద చెయ్యి వేసుకున్నాడు. గబుక్కున పక్క సందులోకి తిరిగాడు. రెండడుగులు వేశాడో లేదో కళ్లు బైర్లు కమ్మి, ఒక గడప మీద కూలబడ్డాడు.

గడప లోపలి నుంచి ఒక ముసలామె తొంగి చూసింది. పేరు కొమ్మసాని. చింపిరి జుట్టు, చెవులకు బరువైన ఇత్తడి కమ్మలు, చేతిలో సంగటి తెడ్డు. కిందపడ్డవాణ్ణి చూసింది, మొలకున్న వెదురు గొట్టం చూసింది, వీధి చివర దండోరా విన్నది. తెడ్డు కింద పెట్టి, అతని రెక్క పట్టుకొని లోపలికి ఈడ్చింది.

"లెయ్ నాయనా, విస్తరి ముందు కూచో."

"వద్దమ్మా, నేను వెళ్లాలి."

"యాడికి పోతావు ఆ కాళ్లతో? కూచో ముందు."

"అది కాదమ్మా, నేనెవరో మీకు తెలియదు. నా పేరు..."

కొమ్మసాని ఎగిరి అతని నోరు మూసింది. సంగటి అంటిన అరచెయ్యి మూతికీ ముక్కుకీ కలిపి తగిలింది. "నిన్ను ఎవరడిగినారు పేరు? అంబలి పొయ్యకముందే పేరు చెప్పేది ఏ దేశపు మర్యాద? తిను!"

ఇంత జొన్న సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి గోంగూర పులుసు. వాసన తగిలేసరికి ఊరి పెద్ద, ఆయన బోధ, అన్నీ గంగలో కలిసిపోయాయి. కంచరి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అతని కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. పులుసు కారం వల్ల అని మీరనుకోవచ్చు, అనుకోండి.

సగం ముద్ద అయ్యేసరికి వాకిట్లో ఈటెలు ఖణేలుమన్నాయి. ఆరడుగుల మనిషి, చెవుల దాకా మెలి తిరిగిన మీసం, వెనక పాతిక మంది భటులు. పగడవీటి కొత్వాలు ఉద్దండుడు. కంచరి దిగ్గున లేచి, ఎంగిలి చేత్తో పరుగెత్తడం బాగుండదని చెయ్యి కడగబోయాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా మర్యాద మరచిపోనివాడు మనవాడు, ఏం చేస్తాం!

కొమ్మసాని కాలితో ఒక్క తన్ను తన్నింది. నీళ్ల చెంబు దొర్లుకుంటూ పోయి పెరట్లో పడింది.

"కడిగినావో, చచ్చినావే!" అంది పళ్లు బిగించి. "చెయ్యి కడిగినంతవరకూ నువ్వు నా ఇంటి అతిథివి. నిన్ను ఎవరూ ముట్టగూడదు, ఊరూ పేరూ అడగగూడదు. ఇది ఈ దేశం శాసనం. మా మొదటి రాణెమ్మ ఇసకలో దారి తప్పి, పేరు చెప్పుకోలేక ఊరూరా తిరిగినప్పుడు తనకు ముద్ద పెట్టినోళ్ల కోసం చేసిన శాసనం. దాన్ని తప్పితే రాజుకు కిరీటం ఉండదు. కడిగినాక నీ పేరు చెప్పి, ఇంటిని దీవించి పోవాల. అప్పుడు ఈ మీసాలోడు పట్టుకుంటాడు."

ఉద్దండుడు గడప అవతలే ఆగిపోయాడు. ఈటె వాల్చి, "కొమ్మక్కా, ఆ పిల్లోడు తినేది ఎప్పుడైపోతుంది?" అన్నాడు, తానే ఏదో అప్పుకు వచ్చినవాడిలా నసుగుతూ.

"వాని ఆకలి, వాని ఇష్టం. తొందరుంటే నువ్వు పో."

ఇంతలో నల్లని పల్లకి వచ్చి వాకిట్లో దిగింది. తెర తొలగింది. సన్నని మొహం, పొగరంగు గడ్డం, సుర్మా పెట్టిన కళ్లు. ధూమకేశుడు. వాణ్ణి చూడగానే కంచరి చేతిలో ముద్ద బిగుసుకుంది. ఆ మొహం కుంభగిరిలో తలుపు సందులోంచి చూసిన మొహమే.

"తిననివ్వండి, తిననివ్వండి" అన్నాడు ధూమకేశుడు తీయగా. "శాసనాన్ని మేమెందుకు కాదంటాం? ఎంతసేపు తింటాడు? ఎప్పటికైనా చెయ్యి కడగాలి. కడగకపోయినా ఎండలో చెయ్యి ఎండుతుంది. ఎండిన చెయ్యి కడిగిన చెయ్యితో సమానమని మీ శాసనంలోనే ఉంది, అవునా కొత్వాలూ?"

"అవును స్వామీ" అన్నాడు ఉద్దండుడు నేల చూస్తూ.

కొమ్మసాని పొయ్యి వైపు తొంగి చూసింది. కుండలో ఇంకా రెండు ముద్దల సంగటి ఉంది, అంతే. తరువాత ఆమె మొహం మీద దొంగనవ్వు ఒకటి మొలిచింది.

"కూచునే తినాలని శాసనంలో ఉందా, కొత్వాలూ?"

ఉద్దండుడు బుర్ర గోక్కున్నాడు. "లేదనుకుంటా."

"ఒకే ఇంట్లో తినాలని ఉందా?"

"అదీ... లేదనుకుంటా."

"అయితే పక్కకు జరుగు." కొమ్మసాని సంగటి కుండ చంకనెత్తుకొని, మరో చేత్తో కంచరి భుజం పట్టుకొని వీధిలోకి నడిపించింది. పక్కింటి తలుపు దబదబా బాదింది. "ఏమే, అతిథి భోంచేస్తా వస్తాండాడు! ఏం వండినావో పట్రా!"

ఇక మొదలైంది చూడండి తమాషా!

పక్కింటావిడ చారన్నం పట్టుకొచ్చింది. ఆ పైయింట్లోంచి పప్పు వచ్చింది. మూడో ఇంట్లో మొగుడూ పెళ్లాలు పొద్దుటి నుంచి పోట్లాడుకొని ఎవరి వంట వాళ్లు చేసుకున్నారట, అతిథి కోసం రెండు గిన్నెలతో పరుగెత్తుకొచ్చి, ఎవరి కూర ముందు వడ్డించాలని మళ్లీ పోట్లాడుకున్నారు. కంచరి రెండూ కలిపి తిన్నాడు. మేడ మీద నుంచి ఒకామె తాడుకు గిన్నె కట్టి చేపల పులుసు దించింది. నడుస్తూ తినడం, తింటూ నడవడం. ముందు కొమ్మసాని తలుపులు బాదుతూ, వెనక భటులు ఈటెలు పట్టుకొని వరసగా, వాళ్ల వెనక నల్ల పల్లకి. అతిథి చెయ్యి ఎండిపోతే పట్టుకోవాలని భటులు ఆ చేతి మీదే కళ్లు పెట్టుకొని నడిచారు. కొత్త పెళ్లికొడుకు ఊరేగింపులో కూడా ఎవరి చెయ్యినీ అంత శ్రద్ధగా చూడరు.

చెవుడున్న ముసలాయన ఒకడు ఆవకాయ జాడీ పట్టుకొచ్చి, కంచరి అరచేతిలో నూనె ఊరే ముక్క పెట్టాడు.

"ఇది మోసం!" అన్నాడు ధూమకేశుడు పల్లకిలోంచి. "నూనె ఎండదు!"

"ఆవకాయ అన్నంలో తినేదా కాదా?" అని అరిచింది కొమ్మసాని. వీధంతా గొల్లుమంది. ఉద్దండుడు కూడా మీసం చాటున నవ్వి, వెంటనే దగ్గాడు.

ఇరవయ్యో ఇంటికి వచ్చేసరికి కంచరి పొట్ట రాయిలా బిగిసింది. "అమ్మా, ఇక నావల్ల కాదు" అని వేడుకున్నాడు. నాటువైద్యుడి ఇంట్లోంచి జీలకర్ర కషాయం వచ్చింది. ఆ తరువాతి ఇళ్లవాళ్లు ముద్దలు మానేసి మెతుకులు పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కొక్క తడి మెతుకు అతని అరచేతిలో పెట్టి, "ఇది మా ఇంటిది, తిను నాయనా" అని పక్కకు తప్పుకున్నారు. ఎవ్వరూ పేరు అడగలేదు. ఎవరివి, ఎందుకు పారిపోతున్నావు, ఏం దొంగిలించావు అని కూడా అడగలేదు.

కంచరి ఉండబట్టలేక నడుస్తూనే అడిగాడు. "అవ్వా, నేను దొంగనైతే? ఎవరినైనా చంపి వచ్చినవాణ్ణయితే? తెలియనివాడికి ఇంతమంది ఎందుకు పెడుతున్నారు?"

"తెలిసినోళ్లకు పెట్టేదానికి శాసనమెందుకు నాయనా?" అంది కొమ్మసాని, తరువాతి తలుపు బాదుతూ.

ఇరవై రోజులు తాను మొహం తిప్పుకున్న మనుషులందరూ అతనికి వరసగా గుర్తొచ్చారు. బావి దగ్గర చేద చాపిన పడుచు, బండి ఆపి ఎక్కమన్న రైతు, వానలో తలుపు తీసి నిలబడ్డ ముసలి దంపతులు. సిగ్గుతో కంచరి తల వంచుకున్నాడు.

కానీ తల వంచుకొనే సమయమా అది! రాజవీధిలో ఇళ్ల వరస ఆగిపోయింది. ఎదురుగా దండు వాడ. రెండు వందల బారల పొడుగున అటూ ఇటూ ఆయుధశాలలు, గుర్రపుసాలలు, ఎత్తైన గోడలు, ఒక్క పొయ్యి లేదు, ఒక్క తలుపు లేదు. దాని అవతలే రేవు. కొలువులో ఉన్నవాళ్లు, వాళ్లకు అన్నం తెచ్చే ఇంటివాళ్లు తప్ప మరొకరు ఆ వాడలో అడుగు పెట్టకూడదు. భటులు ఈటెలు అడ్డం పెట్టి కొమ్మసానినీ జనాన్నీ ఆపేశారు, ముట్టకూడని అతిథిని మాత్రం వదిలేశారు.

"చెయ్యి మూసి ఉంచుకో నాయనా! గుప్పిట బిగించు!" అని వెనక నుంచి అరిచింది ముసలామె.

కంచరి గుప్పిట బిగించి పరుగు తీశాడు. పరుగెంత తీసినా లాభం లేకపోయింది. ధూమకేశుడు పల్లకిలోంచి తల బయటికి పెట్టి, వడగాలికి తనకు మాత్రమే తెలిసిన పేరేదో పెట్టి పిలిచాడు. బుస్సుమని గాలి లేచింది. పొయ్యి మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. గోడల మీది పూలతీగలు మాడి రాలాయి. పొట్ట బరువుకు కంచరి కాళ్లు తడబడి, మోకాళ్ల మీద పడ్డాడు. గుప్పిట విచ్చుకుంది. అరచేతిలో పులుసు చెక్కు కట్టి పగిలింది. ఒక్కొక్క వేలూ ఎండుతోంది. చిటికెన వేలి సందులో మాత్రం కాస్త తడి మిగిలింది.

"కొత్వాలూ" అన్నాడు ధూమకేశుడు, "దగ్గరికి వెళ్లి నిలబడు. ఆ తడి ఆరగానే మెడ పట్టుకో. పేరు నేను కక్కిస్తాను."

ఉద్దండుడు వచ్చి కంచరి పక్కన నిలబడ్డాడు. కంచరి ఎడమ చేత్తో వెదురు గొట్టం తడుముకున్నాడు. 'అక్కా, ఇక్కడిదాకా వచ్చి పోగొట్టుకున్నానే' అనుకున్నాడు.

"ఒరే ఉద్దండూ! అన్నం తినకుండా యాడ తిరగతాండావురా?"

వాడ లోపలి నుంచి ఒక నడివయసు దాటిన మనిషి, నెత్తిన చద్దిమూటతో, చెంగు గాలికి కొట్టుకుంటూ వస్తోంది. ఉద్దండుడి తల్లి ఎర్రసాని. కొడుక్కి రోజూ మధ్యాహ్నపు అన్నం తెచ్చేది ఆమే. వచ్చి, కొడుకును చూసి, కింద పడివున్న మనిషిని చూసి, ఆ మనిషి చేతిని చూసింది. అడగాల్సింది ఏమీ కనబడలేదు ఆమెకు. అక్కడే చతికిలబడి మూట విప్పి, లోపలి కుండలోంచి చల్లటి పెరుగన్నం చేరెడు తీసి కంచరి అరచేతిలో పెట్టింది. మజ్జిగ మణికట్టు దాకా కారింది.

"అమ్మా, నా బువ్వ!" అన్నాడు కొత్వాలు.

"నువ్వు నిన్న కూడా తిన్నావు కదరా. ఈ పిల్లోణ్ణి చూడు, ఎట్టా చిక్కిపోయినాడో!"

ముప్పై ఇళ్లు తిని వచ్చిన మన కంచరికి ఆ మాట విని నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ మింగి, పెరుగన్నం ఒక ముద్ద తిన్నాడు.

ధూమకేశుడు పల్లకి దిగి వచ్చాడు. "ముసలిదానా! రాజద్రోహం ఇది! కొత్వాలూ, నీ తల్లిని లాగెయ్!"

ఉద్దండుడు కదల్లేదు. ఎర్రసాని కొడుకు మొహంలోకి చూసింది. "మీ నాయన పోయినప్పుడు నిన్ను చంకనేసుకొని ఏరు దాటి ఈ ఊరొచ్చినా. పరదేశం, భాష కూడా సరిగా తెలీదు. మూడు నెలలు ఈ వీధిలో ప్రతి ఇంటా తిన్నా. చెయ్యి కడిగి పేరు చెప్పమని ఒక్కరు కూడా తొందర పెట్టలా. నువ్వు ఇంత మీసం పెంచింది ఆ మెతుకుల మీదే. ఇప్పుడు చెప్పు, నన్ను లాగుతావా?"

కొత్వాలు మీసాలు కిందికి వాలాయి. కళ్లు తుడుచుకోవడానికి ఈటె అడ్డొచ్చి, దాన్ని కింద పడేశాడు. తరువాత భటుల వైపు తిరిగి, "అతిథి చెయ్యి తడిగా ఉండాది! దారి విడవండ్రా!" అని గర్జించాడు. భటులు రెండుగా చీలిపోయారు. తల్లి పెరుగన్నం కుండతో సహా కంచరిని రేవు దాకా సాగనంపింది.

రేవులో ఒకే ఒక్క పుట్టి ఉంది. వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి తెప్ప. దాని యజమాని పోలయ్య అందులో కూర్చొని ఉల్లిపాయ కొరుకుతూ అంబలి తాగుతున్నాడు. రోజుకు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి. కంచరినీ, అతని చేతినీ, వెనక ఊరినీ ఒకసారి చూసి, "ఎక్కు" అన్నాడు. మొదటి మాట అయిపోయింది.

పుట్టి నడి ఏటికి చేరింది. ధూమకేశుడు రేవు మెట్ల మీద మోకాలు లోతు నీళ్లలో నిలబడి, ఈసారి నది పేరెత్తి పిలిచాడు. తుంబర జనం పిలిచే పేరు. నదికి అసలు పేరు వేరే ఉందట. అది విని ఏరు ఉలిక్కిపడింది. తాటిచెట్టంత కెరటం లేచింది. పుట్టి బొంగరంలా గిరగిర తిరిగింది. వాడికి కావలసింది పుట్టిని ముంచడం కాదు, కంచరి చేతిని కడగడం! ప్రతి కెరటమూ నాలుక చాపి ఆ కుడి చేతి కోసమే ఎగబడింది. కంచరి చెయ్యి పైకెత్తాడు, నీళ్లు పైనుంచి పడ్డాయి. కడుపు కింద దాచుకున్నాడు, నీళ్లు కింద నుంచి ఉబికాయి. వేళ్ల కొసల మెతుకులు ఒక్కొక్కటే కొట్టుకుపోతున్నాయి.

"కుండలో పెట్టు!" అన్నాడు పోలయ్య. మరో రెండు మాటలు.

కంచరి సందేహించలేదు. ఎదుట ఉన్న అంబలి కుండలో మణికట్టు దాకా చెయ్యి ముంచేశాడు. పోలయ్య తన తలపాగా విప్పి, కుండ మూతినీ అతని మణికట్టునూ కలిపి నాలుగు చుట్లు బిగించి కట్టాడు. తరువాత కెరటాలు ఎంత తలకొట్టుకున్నా అంబలిలో ఉన్న చేతికి చుక్క నీరు తగల్లేదు. తెడ్డు విరిగింది. పోలయ్య అరచేతులతో తెడ్డు వేశాడు. కంచరి ఎడమ చేత్తో తెడ్డు వేశాడు. ఎట్టకేలకు పుట్టి అవతలి ఒడ్డు ఇసుకలో తల దూర్చి, అడుగు చిరిగి ఆగింది.

ఒడ్డున కాలు పెట్టగానే కంచరి వెనక్కి తిరిగి చూశాడు. అవతలి రేవు నిండా జనం. దండు వాడ కట్టుబాటును ఎవరు ఎప్పుడు తెంచారో తెలియదు గానీ, వీధి వీధంతా గిన్నెలూ గరిటెలూ పట్టుకొని మెట్ల మీద నిలబడి ఉంది. ముందు కొమ్మసాని, ఎర్రసాని. వాళ్ల పక్కన ధూమకేశుడు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

కంచరికి అర్థమైంది. భోజనం చేసినవాడు చెయ్యి కడిగి పేరు చెప్పాలి, ఇంటిని దీవించాలి. అది వాళ్ల మర్యాద. చెప్పకుండా పోతే ముప్పై ఇళ్లు పెట్టిన అన్నాన్ని అవమానించినట్టు. చెబితే ఆ పొగగడ్డంవాడి చేతికి ప్రాణం అప్పగించినట్టు, అక్క ఆశ అక్కడితో సరి. చెయ్యి కడిగినా కష్టమే. కడిగిన మరుక్షణం రాజగురువు ఆజ్ఞ మీద దండు ఏరు దాటి తరమవచ్చు.

అతడు కుండ కట్టిన చెయ్యి పైకెత్తి, గొంతు చించుకొని అరిచాడు.

"అమ్మలారా! అయ్యలారా! నా భోజనం ఇంకా కాలేదు! మా అక్క రాయి అయిపోతోంది. ఆమెను లేపాలి. లేచాక ఆమెను వెంటబెట్టుకొని వస్తాను. మీ వీధిలో, మొదటి గడప ముందు చెయ్యి కడుగుతాను. అప్పుడు చెబుతాను నా పేరు, ఇంటింటికీ చెబుతాను! అందాకా నేను మీ అతిథినే!"

కొమ్మసాని మెట్లు దిగి నీళ్ల అంచుకు వచ్చింది. ఆమె గొంతు సన్నగా, ఖంగున, నీళ్ల మీదుగా వచ్చింది.

"నీ విస్తరి ఎత్తను నాయనా! నట్టింట్లో అట్నే ఉంటుంది! తొందరగా రా!"

రేవంతా గిన్నెల మీద గరిటెలు వాయించింది. కంచు పోసే చేతికి ఆ మోత తెలుసు. అంత బాగా మోగే గంటను కంచరి తన బతుకులో పోయలేదు. ధూమకేశుడు చెవులు మూసుకున్నాడు.

పోలయ్య చిరిగిన పుట్టి పక్కన కూర్చొని తోలుకు మాసిక వేయడం మొదలుపెట్టాడు. కుండ వైపు కనుసైగ చేసి, "ఉంచుకో" అన్నాడు. ఆ రోజుకు నాలుగు మాటలూ అయిపోయాయి.

కంచరి ఎడమ చేత్తో వెదురు గొట్టం బిగించి కట్టుకొని తూర్పు బాట పట్టాడు. నూరడుగులు వేశాడో లేదో వెనక ఉరుము ఉరిమింది. ధూమకేశుడు ఈసారి మేఘం పేరు తలచుకున్నాడు కాబోలు, ఏటి మీదుగా కాటుక రంగు మబ్బు ఒకటి నేరుగా అతని వెంటే ఉరుకుతోంది. కాసేపటి కెరటాలకు ఆగింది గానీ, విడవకుండా వాన పడితే తలపాగా గుడ్డ నానుతుంది, కుండ నిండుతుంది, అంబలి పొంగి పోతుంది. అయిదు రోజుల దారి, ఆరు రోజుల గడువు, నెత్తి మీద పగబట్టిన వాన! టప్పున మొదటి చినుకు కుండ అంచు మీద పడింది.

బాట పక్క గట్టు మీద గొర్రెల మంద. మంద వెనక గొంగడి ముసుగేసుకున్న ముసలి గొల్ల. కొత్త దేశం, కొత్త మనిషి, ఇక్కడి మర్యాదలేమిటో కంచరికి తెలియదు. ఇరవై రోజుల కిందటి కంచరి అయితే మొహం తిప్పుకొని పోయేవాడు. ఇప్పటి కంచరి నేరుగా ఆ మనిషి దగ్గరికి పరుగెత్తాడు. ముసలివాడు ఆ కుండ చేతిని ఎగాదిగా చూశాడు, మబ్బును చూశాడు, మారు మాట లేకుండా గొంగడి తీసి ఇద్దరి మీదా కప్పి, కుండను మధ్యలో పెట్టుకున్నాడు. తోడుగా తానూ పరుగు అందుకున్నాడు. గొర్రెలన్నీ వెనకబడి పరుగెత్తాయి. కాస్త దూరం పోయాక, ఎగరొప్పుతూ, మొదటి మాట అడిగాడు.

"అన్నం తిన్నావా, నాయనా?"

కుంభగిరి విడిచాక మొదటిసారి మన కంచరి పకపకా నవ్వాడు.

"ఇంకా తింటూనే ఉన్నాను, తాతా" అన్నాడు, పరుగు ఆపకుండానే.